ఊకె కూత పెట్టే కారు: బంద్ పెట్టుడొక్కటే దారా?

కొత్త కారు కొన్న ఇంటికి పోయి "కారు ఎట్లున్నదే?" అని అడుగుర్రి. మైలేజీ ముచ్చట అయినంక రెండో మాట గిదే వస్తది: "అంత మంచిగనే ఉన్నది గని, ఊకె కూత పెడ్తది." బెల్టు పెట్టకుంటె కూత. 80 దాటితె కూత. ఎన్కకు తీస్తుంటె కూత. గీత దాటితె కూత, దాంతోపాటు స్టీరింగ్ చేతులల్లనే పక్కకు గుంజుతది. ముంగట ఆటో అడ్డమొస్తె కారు తనంతట తనే బ్రేకు కొడ్తది. ఎన్క సీట్ల బెల్టు లేకుంట కూసున్న ముసలవ్వ పోయి ముంగటి సీటుకు గుద్దుకుంటది. తిట్లు మాత్రం డ్రైవర్‌కే.

కిరాయి కార్లు నడిపే పిలగాండ్ల కాడ జరసేపు కూసుంటె ఇసొంటివి మస్తు వినొచ్చు. ఓనర్ తాళం చేతిల పెడ్తడు గని అండ్ల ఉన్న బటన్లు ఏందో చెప్పడు. షోరూంల అడిగితె "సేఫ్టీ ఫీచర్ సార్" అని ఒక్క మాటల తేలుస్తరు. మాన్యువల్ తీస్తె ఇంగ్లిష్‌ల ఇటుక మందం ఉంటది. ఆఖరుకు పిలగాడు తనే ఒక ఉపాయం కనిపెడ్తడు: బండి స్టార్ట్ చేసుడుతోనే అన్నీ బంద్ పెట్టుడు. గప్పుడే పానం నిమ్మలం.

ఈ కోపం ఉత్తది కాదు. దానికి కారణాలున్నయి, అవి సాంకేతిక కారణాలే. కని అన్నీ ఒక్కతీరుగ బంద్ పెట్టుడు కూడా సరికాదు. ఎందుకంటె ఆ బటన్లల్ల ఒకటి మనల్ని ఊకెనే సతాయిస్తది, ఇంకోటి నిజంగ పానం కాపాడ్తది. రెండిటికి తేడా తెల్వకుంట చేసినోళ్లు ఎవరు, దాని ఖరీదు ఎవరు కడ్తున్నరు అన్నదే ఇయ్యాల్టి ముచ్చట.

కారు ఎట్ల చూస్తది?

వీటన్నిటిని కలిపి 'అడాస్' అంటున్నరు. అంటె డ్రైవర్‌కు సాయం చేసే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లు. మన దేశంల 2020, 2021 నుంచి ఇవి కొన్ని పెద్ద కార్లల్ల వచ్చుడు షురువైంది. ఇప్పుడు చిన్న ఎస్‌యూవీల పై వేరియంట్లల్ల కూడా దొరుకుతున్నయి.

కారుకు మూడు తీర్ల కండ్లు ఉంటయి. మొదటిది కెమెరా. ముంగటి అద్దం లోపల, మధ్య అద్దం ఎన్క నల్లగ ఒక డబ్బా ఉంటది, అదే. రోడ్డు మీది గీతలు, బండ్లు, మనుషుల ఆకారాలు గుర్తుపట్టుడు దాని పని. రెండోది రాడార్. ముంగటి బంపర్ల గని, కంపెనీ లోగో ఎన్క గని దాచిపెడ్తరు. అది 77 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో అలలను ఇడుస్తది, అవి ముంగటి బండికి తాకి మర్లొస్తయి. ఆ లెక్కతోని ముంగటి బండి ఎంత దూరంల ఉన్నది, ఎంత స్పీడుతోని పోతున్నదో తెలుస్తది. మూడోది బంపర్ల మీద గుండ్రంగ రూపాయి బిళ్లల లెక్క కనిపించే పార్కింగ్ సెన్సర్లు. గబ్బిలం తీరుగ మన చెవికి అందని శబ్దం ఇడిసి దగ్గరున్న అడ్డాన్ని పసిగడ్తయి.

ఈ కండ్లు చూసినదాన్ని లోపలి కంప్యూటర్ లెక్క కడ్తది. "ఇదే స్పీడుతోని పోతె ముంగటి బండికి ఎన్ని సెకన్లల్ల తాకుత?" అన్నదే దాని అసలు ప్రశ్న. టైమ్ తక్కువున్నట్టు అనిపిస్తె మొదలు కూత పెడ్తది. డ్రైవర్ కదలకపోతె జర బ్రేకు పడ్తది. అప్పటికీ కదలకపోతె గట్టిగ పడ్తది. దీన్నే ఆటోమేటిక్ ఎమర్జెన్సీ బ్రేకింగ్ అంటరు.

ఎందుకింత తొందర అంటె లెక్క చూడుర్రి. 80 స్పీడు మీద కారు సెకనుకు 22 మీటర్లు పోతది. ఫోన్ దిక్కు ఒక్క సెకను చూసినవంటె 22 మీటర్లు కండ్లు మూసుకొని పోయినట్టే. అప్పటికి నీ కాలు ఇంక బ్రేకు మీదికి రానేలేదు. మిషిన్ ఆ ఒక్క సెకనును మిగిలిస్తది. అమెరికాల బీమా కంపెనీల పైసలతోని నడిచే రోడ్డు భద్రతా సంస్థ ఒకటి లెక్క తీస్తె, కూతతోపాటు ఆటో బ్రేకు ఉన్న కార్లల్ల, ముంగటి బండిని ఎన్కకెల్లి గుద్దుడు దాదాపు సగానికి తగ్గింది. అంటె ఈ సామాను ఉత్త ముచ్చట కాదు, నిజంగ పని చేస్తది.

మరి మన తాన ఎందుకు తప్పుగ అరుస్తది?

ఆ సామాను మొదలు తయారైంది నున్నటి రోడ్ల కోసం. తెల్లగ మెరిసే గీతలు, ఎవరి లైన్ల వాళ్లు పోయే బండ్లు, బండికి బండికి నడుమ దూరం. మన రోడ్డు వేరే.

గీతల సంగతి చూద్దాం. లేన్ అసిస్ట్ అనే ఏర్పాటు కెమెరాకు కనిపించే గీతల మీదనే బతుకుతది. మన ఊరి డాంబర్ రోడ్డు మీద గీతలే ఉండయి. ఉన్న కాడ అరిగిపోయి ఉంటయి. ఇంకోకాడ రోడ్డు వెడల్పు చేసినంక పాత గీత, కొత్త గీత రెండూ కనిపిస్తయి. యాసంగి కోతలప్పుడు సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తరు. ఆ వడ్ల అంచును గీత అనుకున్నా ఆశ్చర్యం లేదు. గుంత తప్పిద్దామని డ్రైవర్ పక్కకు కొడ్తడు, గీత దాటుతున్నవని కారు మళ్ల గుంత దిక్కే గుంజుతది. ఇద్దరి నడుమ గుంజులాట. దానికి గుంత కనిపించది, గీత ఒక్కటే కనిపిస్తది. చేతిల జర బలం పెట్టి తిప్పితె మన మాటే వింటది గని, తెల్వనోనికి ఆ ఒక్క నిమిషంల గుండె జారుతది.

దీంట్ల మన తప్పు కూడా కొంత ఉన్నది. ఇండికేటర్ వేసి లేన్ మారితె ఆ మిషిన్ మాట్లాడది. "డ్రైవర్ కావాల్ననే పోతుండు" అనుకొని ఊకుంటది. ఇండికేటర్ వేసే అలవాటు లేనోళ్ల కారుల అది రోజంత లొల్లి పెడ్తనే ఉంటది.

బ్రేకు సంగతి ఇంక కష్టం. మన టౌన్లల్ల బండికి బండికి నడుమ జానెడు జాగ దొరికితె బైకు దూరుతది. కారు లెక్కల అది "గుద్దబోతున్నం" అన్నట్టు. మనకు తెల్సు, ఆ బైకు పిలగాడు తుర్రుమని పోతడని. కారుకు తెల్వది. అది బ్రేకు కొడ్తది. ఎన్క ఇంకో బండి ఆనుకొనే వస్తుంటది, అది వచ్చి మన డిక్కీకి తాకుతది. ఎన్క నుంచి గుద్దినోనిదే తప్పని పోలీసులు అనొచ్చు గని, రోడ్డు మీద గల్లా పట్టేది మాత్రం "సడన్ బ్రేక్ ఎందుకు కొట్టినవ్ బే" అని ముంగటోన్నే.

ఇంతవరకు చెప్పింది అవసరం లేని కాడ అరుసుడు. అంతకన్న పెద్ద సమస్య, అవసరమున్న కాడ ఊకుండుడు. రాడార్ కదిలే బండిని మంచిగ పడ్తది. కదలనిదాన్ని పట్టుడు దానికి కష్టం. ఎందుకంటె రోడ్డు పొంటి బోర్డులు, బ్రిడ్జిలు, రెయిలింగులు అన్నీ కదలనియే. ప్రతి దానికి బ్రేకు కొడ్తె బండి నడవది. అందుకే స్పీడు ఎక్కువున్నప్పుడు కదలని వాటిని చాలమటుకు లెక్కల నుంచి తీసేసేటట్టు చేస్తరు. మరి రాత్రి హైవే మీద లైటు లేకుంట ఆగి ఉన్న లారీ? అది కూడా కదలనిదే. కెమెరా దాన్ని గుర్తుపట్టాలె, గుర్తుపట్టాలంటె ఎలుగు ఉండాలె. పత్తి నింపుకొని రెండు దిక్కుల పొంగిపోయిన ట్రాక్టర్ ట్రాలీ, గడ్డి బండి, రోడ్డు మీద పన్న బర్రె, ఇవి కెమెరాకు నేర్పిన ఆకారాలతోని కలవకపోవచ్చు. "ఆగి ఉన్న వాటిని, జంతువులను, తేడాగ ఉన్న బండ్లను ఈ ఏర్పాటు గుర్తుపట్టకపోవచ్చు" అని ఇసొంటి హెచ్చరికలు కంపెనీలు మాన్యువల్‌ల రాసే ఉంచుతయి. యాడ్‌ల మాత్రం చెప్పరు.

80 కాడ మోగే గంట

అందరికి తెలిసిన కూత ఇంకోటున్నది. 2019 జులై నుంచి మన దేశంల కొత్త కార్లకు స్పీడు హెచ్చరిక తప్పనిసరి చేసిన్రు. 80 దాటితె అప్పుడొకటి అప్పుడొకటి మోగుతది. 120 దాటితె ఆగకుంట మోగుతది.

ఆలోచన మంచిదే. కని సర్కారే 2018ల నాలుగు లేన్ల రోడ్ల మీద కార్లకు 100 దాక, ఎక్స్‌ప్రెస్ వేల మీద 120 దాక స్పీడు పరిమితి పెట్టింది. అంటె చట్టం ఒప్పుకున్న 90 మీద పోతున్నోనికి కూడా కారు కూత పెడ్తది. అదే కారు బడి పిల్లలు దాటే ఊరి నడుమ నుంచి 70 మీద పోతుంటె సప్పుడు చెయ్యది. అవసరం లేని కాడ గంట, అవసరమున్న కాడ మౌనం. ఎందుకంటె ఆ గంటకు రోడ్డు ఏందో తెల్వది, నంబర్ ఒక్కటే తెల్సు.

యూరప్‌ల దీనికి ఇంకో దారి పట్టిన్రు. 2024 జులై నుంచి ఆడ అమ్మే ప్రతి కొత్త కారుకు, రోడ్డు పొంటి ఉన్న స్పీడు బోర్డు చదివి హెచ్చరించే ఏర్పాటు ఉండాల్నని చట్టం. బంద్ పెట్టొచ్చు గని మళ్ల స్టార్ట్ చేస్తె అదే ఆన్ అయితది. ఆడ కూడా డ్రైవర్లు గునుగుతనే ఉన్నరు. పక్క సర్వీస్ రోడ్డు బోర్డు చదివి మెయిన్ రోడ్డు మీద అరుస్తదని వాళ్ల బాధ. అంటె చిరాకు మనొక్కళ్లదే కాదు. కని ఆడ బోర్డులు ఉన్నయి, చదువుడుల తప్పు వస్తున్నది. మన ఊర్లల్ల చదువుదామంటె బోర్డే లేకపాయె.

నాన్నా పులి కథ

చిన్నప్పుడు మనందరం విన్నదే. పులి రాకముందే "నాన్నా పులి" అని అరిసి అరిసి, నిజంగ పులి వచ్చిననాడు ఎవ్వరూ రాని పిలగాని కథ. కారుల కూత కూడా గంతే. పదిసార్లు ఉత్తగ మోగినంక పదకొండోసారి మన చెవి దాన్ని పట్టించుకోదు. ఇది డ్రైవర్ పొగరు కాదు, మనిషి మెదడు పని చేసే తీరే గంత.

ఇందాక చెప్పిన అమెరికా సంస్థనే ఇంకో లెక్క తీసింది. సర్వీసింగ్‌కు వచ్చిన కార్లల్ల ఏ ఏర్పాటు ఆన్ ఉన్నది, ఏది బంద్ ఉన్నదని చూసిన్రు. ముంగట గుద్దుతవని హెచ్చరించేది నూటికి 90కి పైన కార్లల్ల ఆన్‌లనే ఉన్నది. గీతల కూత మాత్రం దాదాపు సగం కార్లల్ల బంద్. అంటె డ్రైవర్లు మూర్ఖులు కాదు. పనికొచ్చేదాన్ని ఉంచుకుంటున్నరు, ఉత్తగ సతాయించేదాన్ని ఆపుతున్నరు. ఆ తేడా చూసుకునే మోక వాళ్లకు దొరికింది. మన పిలగాండ్లకు దొరుకుతలేదు, అందుకే అన్నిటిని ఒకే గాట కట్టి బంద్ పెడ్తున్నరు.

అన్నీ ఒక్కటే అనుకుంటె ఏమైతదో బెల్టు కూత చెప్తది. బెల్టు పెట్టుకునుడు తప్పించుకునేందుకు బకిల్ల దూర్చే ఉత్త క్లిప్పు ఒకటి బజార్ల వచ్చింది. ఆన్‌లైన్‌ల కూడా అమ్మిన్రు. 2022 సెప్టెంబర్ల పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ ఎన్క సీట్ల బెల్టు లేకుంట ప్రయాణం చేస్తూ ప్రమాదంల చనిపోయినంక సర్కారు కండ్లు తెరిచింది. 2023ల కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ చర్య తీసుకుంటె ఆన్‌లైన్ దుకాణాల నుంచి 13,118 ప్రకటనలు తీసేసిన్రు. కూత ఆపుదామని చూస్తె బెల్టే పోయింది. గాలిబుడగ, అదే ఎయిర్‌బ్యాగ్, బెల్టు ఉన్న మనిషిని లెక్కల పెట్టుకొని తయారు చేసింది. బెల్టు లేని మనిషి ముందుకు ఎగిరిపడ్తుంటె అదే బుడగ ఎదురొచ్చి మొకానికి, మెడకు దెబ్బ కొట్టొచ్చు. కాబట్టి బెల్టు కూత సతాయింపు కాదు, దానికి సాకులు లేవు.

ఏది ఉంచాలె, ఏది ఆపొచ్చు?

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఇది జర పైలంగ చదువుర్రి. షోరూమోళ్లు చెప్పాల్సిన ముచ్చట ఇది.

ఏబీఎస్‌కు బంద్ బటన్ మామూలుగ ఉండది, అక్కెర కూడా లేదు. గట్టిగ బ్రేకు తొక్కితె కాలు కింద పెడల్ డబడబ కొట్టుకుంటది. బ్రేకు ఖరాబైందని భయపడి కాలు తీసేటోళ్లు ఉన్నరు. అస్సలు తియ్యొద్దు. చక్రం లాక్ కాకుంట అది సెకనుకు మస్తుసార్లు బ్రేకు పట్టి ఇడుస్తుంటది, ఆ కొట్టుకునుడు గదే. గట్టిగ తొక్కే ఉంచి స్టీరింగ్ తిప్పుర్రి, బండి తిరుగుతది. ఏబీఎస్ అసలు లాభం గా తిప్పుడే. కంకర మీద, మట్టి మీద మాత్రం ఆగే దూరం జర ఎక్కువ కావొచ్చు, ఆ లెక్క యాదిల పెట్టుకోవాలె. బైకులకు కూడా 2019 నుంచి 125 సీసీ పైన ఏబీఎస్, దాని లోపల వాటికి రెండు బ్రేకులు కలిసి పడే సీబీఎస్ తప్పనిసరి చేసిన్రు.

మలుపుల బండి జారకుంట పట్టుకునే స్టెబిలిటీ కంట్రోల్‌ను ఎన్నడూ బంద్ పెట్టొద్దు. ఒక్కటే మినహాయింపు. బురదల, ఇసుకల చక్రం దిగబడి ఎంత రేస్ ఇచ్చినా కదలకపోతె, అప్పుడు ఆ బటన్ ఒత్తి బయటపడి, మళ్ల ఆన్ చెయ్యాలె.

ఎమర్జెన్సీ బ్రేకును ఆన్‌లనే ఉంచుర్రి. ఊకె పడ్తున్నదంటె చాలా కార్లల్ల హెచ్చరిక ఎంత ముందుగాల రావాల్నో మార్చుకునే సెట్టింగ్ ఉంటది. లేటుగ హెచ్చరించేటట్టు పెట్టుకుంటె టౌన్ల లొల్లి తగ్గుతది, పూర్తిగ ఆపాల్సిన పని ఉండది.

లేన్ అసిస్ట్‌ను ఊరి రోడ్ల మీద, గుంతల రోడ్ల మీద, రోడ్డు పని నడిచే కాడ బంద్ పెట్టుకోవచ్చు, తప్పు లేదు. నాలుగు లేన్ల హైవే ఎక్కినంక ఆన్ చేసుకోవాలె. రాత్రి నిద్ర మబ్బుల బండి పక్కకు జారేది ఆడనే.

ముంగటి బండిని చూసి స్పీడు తగ్గించి పెంచే అడాప్టివ్ క్రూజ్‌ను టౌన్ల, గట్టి వానల, పొగమంచుల వాడొద్దు. ఖాళీ హైవే మీదనే వాడాలె, కాలు మాత్రం బ్రేకు దగ్గర్నే ఉండాలె.

ఇంకో ముచ్చట. కారు కండ్లను మనమే మూస్తున్నం. బండి పూజ చేసి ముంగట మందంగ పూలదండ కడ్తం, నిమ్మకాయలు, మిరపకాయలు ఏలాడదీస్తం. రాడార్ సరిగ్గ గా ఎన్కనే ఉంటది. పూజ చేసుకోండ్రి, దండ తీసినంక రోడ్డెక్కుర్రి. అద్దం మీద కెమెరా ముంగట దేవుని స్టిక్కర్లు, పార్టీ స్టిక్కర్లు అంటియ్యొద్దు. బురద రోడ్ల పోయొస్తె బంపర్, అద్దం కడుగుర్రి. ఇనుప గార్డులు అసలుకే వద్దు. ముంగటి అద్దం పలిగి కొత్తది ఏస్తె కెమెరాను మళ్ల లెక్కకు తేవాలె, దాన్ని క్యాలిబ్రేషన్ అంటరు. పైసలు మిగిలినయని బయట అద్దం ఏసుకొని అది చెయ్యకపోతె, కారు మెల్లకన్నుతోని చూసినట్టే.

రీల్స్ కోసం సీటు దిగేటోళ్లకు

కారును హైవే మీద ఇడిసిపెట్టి పక్క సీట్లకు దునికి డ్యాన్సులు చేసే వీడియోలు మీ ఫోన్లకు కూడా వచ్చే ఉంటయి. స్టీరింగ్‌కు నీళ్ల సీసా కట్టి చేతులున్నట్టు మోసం చేసుడు ఇంకో ఇకమతు. ఎవరిని మోసం చేస్తున్నట్టు? కారునా?

ప్రపంచమంత ఈ ఏర్పాట్లకు 0 నుంచి 5 దాక మెట్లు పెట్టుకున్నరు. 5వ మెట్టు అంటె డ్రైవరే అక్కెర లేదు. మన దేశంల మామూలు జనం కొనే కార్లు రెండో మెట్టు దాటలె. రెండో మెట్టు అంటె ఒక్కటే అర్థం: కారు సాయం చేస్తది, నడిపేది నువ్వే, కండ్లు రోడ్డు మీద ఉండాల్సింది నువ్వే. ఏ నిమిషంలనైనా అది "నాతోని కాదు" అని ఇడిసిపెట్టొచ్చు. ఆ నిమిషంల నువ్వు పక్క సీట్ల ఉంటె, ఎదురుంగ వచ్చే బైకు మీద ఉన్న కుటుంబానికి నీ రీల్ ఏం జవాబు చెప్తది?

కాఫీ కప్పు బొమ్మ, ఓనర్ ఫోను

కొన్ని కార్లల్ల ఇంకో ఏర్పాటు ఉంటది. స్టీరింగ్ తిప్పే తీరు చూసి డ్రైవర్ అలిసిపోయిండని పసిగట్టి, మీటర్ కాడ కాఫీ కప్పు బొమ్మ చూపెడ్తది. జర ఆగు, రెస్టు తీసుకో అని దానర్థం.

పెండ్లిండ్ల సీజన్ల రాత్రి తిరుపతి నుంచి వచ్చి, పొద్దుగాల ఎయిర్‌పోర్టు కిరాయి ఎత్తుకొని, మళ్ల సాయంత్రం పెండ్లికి పోయే పిలగానికి ఆ బొమ్మ ఎన్నిసార్లు కనిపిస్తదో లెక్క లేదు. బొమ్మ ఆగుమంటది, ఓనర్ ఫోన్ చేసి "ఏడున్నవ్, పార్టీ తిడ్తుండు" అంటడు. పిలగాడు ఎవరి మాట వినాలె? మోటారు రవాణా కార్మికులకు రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలే పని అని 1961ల వచ్చిన చట్టమే చెప్పింది. అరవై ఏండ్లు దాటింది. కారుకు అర్థమైన అలసట ఓనర్‌కు అర్థం కాలె. ఈ కాడ కావాల్సింది కొత్త సెన్సర్ కాదు. ఇంకో డ్రైవర్ కావాలె, అడిగేటోడు కావాలె.

ప్రమాదం జరిగితె కేసు ఎవరి మీద? డ్రైవర్ మీదనే. మిషిన్ తప్పుగ బ్రేకు కొట్టినా, కొట్టాల్సిన కాడ కొట్టకపోయినా, నిర్లక్ష్యం సెక్షన్ కింద మొదలు నిలబడేది స్టీరింగ్ ముంగట ఉన్నోడే. కంపెనీ "ఇది సాయం మాత్రమే, బాధ్యత డ్రైవర్‌దే" అని మాన్యువల్‌ల ముందే రాసుకుంటది. 2024 జనవరిల లారీ డ్రైవర్లు కొత్త చట్టంల హిట్ అండ్ రన్‌కు పెట్టిన పదేండ్ల శిక్ష మీద రోడ్డెక్కిన్రు, హైదరాబాద్‌ల పెట్రోల్ బంకుల కాడ బారులు తీరినయి, మీకు యాదికుండొచ్చు. ఆ సెక్షన్‌ను అప్పటికి పక్కకు పెట్టిన్రు. కని వాళ్లు లేవనెత్తిన ప్రశ్న ఇంక ఆడనే ఉన్నది: రోడ్డు బాగలేకపోయినా, బండి బాగలేకపోయినా, పని గంటలకు అడ్డు అదుపు లేకపోయినా, శిక్ష మాత్రం డ్రైవర్‌కేనా? ఇప్పుడు లారీలకు, బస్సులకు కూడా ఆటో బ్రేకు, నిద్ర హెచ్చరిక, లేన్ హెచ్చరిక పెట్టాల్నని కేంద్రం 2025ల ముసాయిదా తెచ్చింది. మంచిదే. కని డ్రైవర్‌కు నేర్పకుంట, గంటలు తగ్గించకుంట పెడ్తె, కారు పిలగాడు చేసిందే లారీ డ్రైవర్ కూడా చేస్తడు. ఎక్కుడుతోనే బంద్.

కారు బయట ఉన్నోళ్ల సంగతి

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022ల మన దేశంల రోడ్డు ప్రమాదాలల్ల 1,68,491 మంది చనిపోయిన్రు. అండ్ల నూటికి 44 మందికి పైన టూవీలర్ మీద ఉన్నోళ్లు. ఇంకో 19 మందికి పైన నడిచిపోయేటోళ్లు. అంటె పదిమందిల ఆరుగురికి కారే లేదు. వాళ్లు మనోళ్లే. పొద్దుగాల పాలు పోసొచ్చేటోళ్లు, ఉపాధి పనికి పోయేటోళ్లు, కాలేజీకి బైకు మీద పోయేటోళ్లు.

మన దేశంల 2023 అక్టోబర్ నుంచి భారత్ ఎన్‌క్యాప్ అని కార్లకు స్టార్లు ఇస్తున్నరు. ఆ స్టార్లు ముఖ్యంగ కారు లోపల కూసున్న పెద్దోళ్లు, పిల్లలు ఎంత పదిలంగ ఉంటరో చూసి ఇస్తరు. అది అవసరమే. కని రోడ్డు దాటే మనిషిని చూసి ఆగే బ్రేకు కారు కొన్నోని కోసం కాదు, రోడ్డు దాటే మనిషి కోసం. దాన్ని సన్‌రూఫ్‌తోని కలిపి పై వేరియంట్ల అమ్ముడు ఏం న్యాయం? లక్షలు ఎక్కువ పెట్టినోని కారు మాత్రమే ముసలవ్వను చూసి ఆగుతది, తక్కువ రేటు కారు ఆగది అన్నట్టు.

అందుకే నేను చెప్పేది, అడిగేది మనం జర పెద్దగ అడగాలె. రోడ్డు వేసిన కాంట్రాక్టర్ గీత గీసేదాక బిల్లు పాస్ చెయ్యొద్దని అడగాలె. గీత ఉంటె కెమెరా చూస్తది, వానల రాత్రి బైకు పిలగాడు కూడా చూస్తడు. ట్రాక్టర్ ట్రాలీలకు ఎన్క ఎర్ర లైటు, మెరిసే రిఫ్లెక్టర్ టేపు లేకుంట రోడ్డెక్కనియ్యొద్దు. ఇది సర్కారు చెయ్యకపోయినా మీ ఊరి యువజన సంఘం ఒక్క ఆదివారం కూసొని చెయ్యగలిగిన పని, టేపుకు పెద్ద ఖర్చు కూడా ఉండది. మిషిన్‌కు కనిపించని ట్రాలీ మనిషికి కూడా కనిపించది, రెండిటికి ఒక్కటే మందు. కొత్త కారు ఇచ్చేటప్పుడు షోరూమోళ్లు తెలుగుల అన్ని బటన్లు అర్థం చేయించి, నడిపించి చూపెట్టాలె. ఓనర్‌కే కాదు, నడిపే డ్రైవర్‌కు. ప్రమాదమైనప్పుడు కారుల బ్రేకు, స్పీడు రికార్డు అయి ఉంటె అది కంపెనీ చేతిలనే కాదు, డ్రైవర్ చేతికి కూడా రావాలె.

ఇవన్ని అయ్యేదాక కారు కూత పెడ్తనే ఉంటది. ఈసారి కొత్త బండి ఎక్కినప్పుడు అన్నిటిని ఒకేసారి బంద్ పెట్టకుర్రి. బండి ఆపుకొని ఓ అరగంట ఒక్కో బటన్ చూడుర్రి, ఏది దేనికి మోగుతున్నదో ఓనర్‌ను, షోరూమోన్ని అడుగుర్రి. చెప్పకపోతె చెప్పేదాక తాళం తీసుకోకుర్రి.